రెండో వేలి ఎముక

తిరువళ్ళూరు రైల్వే గేటు దాటి రెండో సందులోకి మళ్ళితే భక్తవత్సలం కొట్టు. ముందు గదిలో మ్యాపులు, చార్టులు, గాజు సీసాలు. వెనక పెరట్లో పొయ్యిలు, బానలు, తడికెల మీద ఎండకు ఆరేసిన ఎముకలు. చుట్టుపక్కల హైస్కూళ్ళకూ మద్రాసు కాలేజీలకూ కప్ప కావాలన్నా కోతి కావాలన్నా అస్థిపంజరంగా తయారుచేసి, చెక్క పీట మీద నిలబెట్టి పంపేది ఆ కొట్టే. ఊళ్ళో దాన్ని ఎముకల కంపెనీ అనేవాళ్ళు. కంపెనీ అన్న మాట విని భక్తవత్సలం తమ్ముడికి పిల్లనిద్దామని వచ్చినవాళ్ళు, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి, ఆ కాళ్ళతోనే స్టేషనుకు పోయారని చెప్పుకుంటారు. అందులో నిజమెంతో తెలియదు గానీ, ఆ తమ్ముడికి ముప్పై అయిదేళ్ళదాకా పెళ్ళి కాని మాట మాత్రం నిజం.

ఆ కొట్టులో ఆరోగ్యమేరిది చేతులూ కాళ్ళ పని. వెన్నుపూసలు గుచ్చడం ఎవరైనా నేర్చుకోవచ్చు, పెద్దదాని పక్కన చిన్నది అంటూ వాటంతట అవే వరసగా వచ్చేస్తాయి. చెయ్యి అలా కాదు. కోతి మణికట్టు దగ్గరే తొమ్మిది ముక్కలు, ఒక్కోదానిది ఒక్కో వంకర. మేరి వాటిని చాటలో పోసుకుని, చింతపండులో గింజలు ఏరినంత తేలిగ్గా ఏది కుడిదో ఏది ఎడమదో ఏరేసేది. మొగుడు పోయిన ఏడాది బానలు తోమడానికి ఆ కొట్టుకు వచ్చిన మనిషి, రెండేళ్ళు తిరిగేసరికి కిటికీ పక్కన చాప సంపాదించుకుంది. పీటలు చేసే వడ్రంగి చౌడయ్య, మేరి చెయ్యి పడితే కోతి లేచి కూర్చుంటుందని అనేవాడు. ఆ మాట ఆమె ఎన్నిసార్లు విన్నా వినీ విననట్టే ఉండేది. అది కూడా ఒకరకం గర్వమే.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. దాన్ని ఆమె వరస చూడటం అనేది. అయిదు వేళ్ళ చివరి ఎముకలూ పక్కపక్కన పేర్చి చూస్తే ఒక తల్లి పిల్లల్లా ఉండాలి. పొడుగూ పొట్టీ తేడా ఉండవచ్చు, పోలిక మాత్రం తప్పకూడదు. ఒకే పెరట్లో పిల్లులూ కుందేళ్ళూ కోతులూ ఉడుకుతూ ఉంటాయి కాబట్టి ఒకదాని ఎముక ఇంకొకదాని మూటలోకి రావడం మామూలే. పోలిక తప్పినదాన్ని తీసి పక్కనున్న డబ్బాలో పడేసి, అదే డబ్బాలోంచి పోలిక ఉన్నదాన్ని వెతికి పెట్టేది. ఈ పద్ధతి ఎవరూ నేర్పింది కాదు, సొంతంగా కనిపెట్టుకున్నది. అందుకే దాని మీద అంత నమ్మకం. మనిషి పక్కవాడి మాటనైనా అనుమానిస్తాడేమో గానీ తన తెలివిని అనుమానించడు.

డెబ్బై రెండులో ఒక దేవాంగపిల్లి వచ్చింది. చచ్చినదే వచ్చింది, ఎవరో ముళ్ళ కంప కొడుతుంటే దొరికిందట. పేరులో పిల్లి ఉన్నా అది కోతి జాతిది. జానెడు ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు, ముఖమంతా కళ్ళే. తోక లేదు. బానల దగ్గర పని చేసే మునియమ్మ దాన్ని శుభ్రం చేసి, నాలుగు కాళ్ళ ఎముకలూ నాలుగు గుడ్డ మూటలు కట్టి, సన్న మంట మీద ఉడకబెట్టి, కడిగి, ఆరబెట్టి మేరికిచ్చింది. మేరి వెనక్కాళ్ళ మూటలు విప్పి వరస చూసింది. నాలుగు వేళ్ళ చివరి ఎముకలు కోతికున్నట్టే పల్చగా, గోరు కూర్చునేటట్టు ఉన్నాయి. ఒక్కటి మాత్రం సూదిగా, పైకి లేచి ఉంది. రెండో మూటలోనూ అలాంటిదే ఒకటి. సూదిగా ఉంటే పంజా గోరు ఎముకే, పంజా ఉంటే పిల్లే. ఆ వారం పిల్లి కూడా ఉడికింది.

ఆమె ఆ రెండింటినీ అరచేతిలో పెట్టుకుని ముందు గదిలోకి వెళ్ళి, పిల్లి ఎముకలు కలిశాయని భక్తవత్సలానికి చూపించింది. ఉత్తప్పుడైతే ఆయన సరే మార్చేయమని ఊరుకునేవాడు. కానీ ఆ నెలలోనే ఒక కాలేజీవాళ్ళు కోతికి కుందేలు పక్కటెముక ఉందని పెట్టె తిప్పి పంపారు. ఆ కారం ఇంకా ఆయన కళ్ళలో ఉంది. మునియమ్మను పిలిపించాడు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గడప అవతల నిలబడింది. చౌడయ్య చిత్రిక పట్టడం ఆపి చూస్తున్నాడు.

"ఒక్కదాన్నే ఏసినాను సామీ, చిన్న బానలో. వేరేది ఏమీ ఎయ్యలేదు," అంది మునియమ్మ.

అయితే మేరి అబద్ధం చెబుతోందా అని భక్తవత్సలం అడిగాడు. అలా అడిగితే ఎవరికైనా దారి మూసుకుపోతుంది. మేరక్క అబద్ధం చెప్పదని మునియమ్మ చెప్పింది. ఇంట్లో పిల్లవాడికి జ్వరం, మూడు రోజులుగా నిద్ర లేదు, తనకే కన్ను మూసుకుపోయి ఉంటుందేమో అని కూడా తనే చెప్పింది. అంతటితో పంచాయతీ అయిపోయింది. సాయంత్రానికి ఆమె పని పోయింది. పోయేముందు కిటికీ దగ్గరకు వచ్చి, కోపం పెట్టుకోవద్దక్కా అని మేరినే బతిమాలింది. మేరి పెద్దమనసు చేసుకుని, కోపమేమీ లేదని చెప్పింది.

మునియమ్మ తిరుత్తణిలో కూతురింటికి చేరింది. కొండ మీది గుడికి పోయే మెట్ల మొదట్లో వేరుసెనక్కాయలు వేయించి అమ్ముతోందని తెలిసింది. ఏటా క్రిస్మస్‌కు బస్సు కండక్టరు చేతికి ఒక గుడ్డ సంచీ ఇచ్చి పంపేది. మేరి ఆ కాయలు పంచిపెట్టేది, తనూ తినేది.

ఆ తర్వాత రెండేళ్ళలో ఇంకో మూడు దేవాంగపిల్లులు వచ్చాయి. బానల దగ్గర వేరే మనిషి. అయినా ఒక్కొక్క వెనక్కాలి మూటలోనూ నాలుగు పల్చటివి, ఒకటి సూదిది. మూడింటికీ అంతే. అప్పుడైనా మనిషికి అనుమానం రావద్దా? వచ్చింది. వస్తే దాన్ని కూడా ఆ ఎముకలతో పాటే డబ్బాలో వేసి మూత పెట్టింది. మార్చి కట్టి పంపేసింది. తర్వాత అడవి జంతువుల చట్టం గట్టిపడి దేవాంగపిల్లులు రావడం మానేశాయి. ఇక అనుమానానికి కూడా పని లేకుండా పోయింది.

ఎనభై ఒకటి ఆగస్టులో మద్రాసు నుంచి దేవసేన అనే జువాలజీ లెక్చరర్ ఒక పాత పెట్టె పట్టుకుని వచ్చింది. బ్రిటిష్ కాలంలో వాళ్ళ కాలేజీకి ఎవరో చేయించి ఇచ్చిన పెట్టె అది. అందులో చేతులూ కాళ్ళే ఉన్నాయి. దేవాంగపిల్లివి, కోతివి, కొండముచ్చువి, చివర మనిషివి, ఒకదాని పక్కన ఒకటి అట్టకు కట్టి. కొత్త బిల్డింగులోకి మారుస్తుంటే కింద పడి సగం ఊడిపోయాయట. శనివారానికల్లా బాగుచేయమని, ఇంకెక్కడా ఇలాంటిది దొరకదని జాగ్రత్త చెప్పి వెళ్ళింది.

మేరికి ఆ పని చూడగానే ప్రాణం లేచి వచ్చింది. తీగ ముడులు అంత సన్నగా వేసిన మనిషి ఎవరో గానీ చేతికి దండం పెట్టవచ్చనుకుంది. నాలుగు రోజులు కూర్చుని కోతినీ కొండముచ్చునీ మనిషినీ సరిచేసింది. అయిదో రోజు దేవాంగపిల్లి దగ్గరకు వచ్చింది. కుడికాలు ముక్కలైపోయి ఉంది. ఎడమకాలు మాత్రం చెక్కుచెదరలేదు. బొటనవేలి పక్కన, రెండో వేలి చివర, అదే సూది ఎముక గట్టిగా అంటుకుని ఉంది. ఆ తెల్లదొర దగ్గర కూడా ఎవరో మునియమ్మ ఉండే ఉంటుందనుకుంది మేరి. అంతకు మించి అనుకోవడం ఆమెకు ఇష్టం లేదు. పట్టకారుతో దాన్ని ఊడదీసి, కుడికాలి దాన్ని కూడా ఏరి డబ్బాలో వేసి, రెండు పల్చటి ఎముకలు వెతికి అంటించింది. వరస ఇప్పుడు చక్కగా కుదిరింది.

శనివారం దేవసేన వచ్చి పెట్టె తెరిచి చాలాసేపు చూసింది. మెచ్చుకుంది కూడా. తర్వాత దేవాంగపిల్లి కాలి మీద వేలు పెట్టి, ఇక్కడ ఉన్న పంజా ఎముక ఏదమ్మా అని అడిగింది. మేరి, అది పిల్లి ఎముక మేడం, కలిసిపోయి ఉంటే సరిచేసినాను అని చెప్పింది. మెచ్చుకుంటుందనుకుని చెప్పిన మాటే.

దేవసేన కోప్పడలేదు. కోప్పడి ఉంటే మేరికి సుఖంగా ఉండేది. ఆమె అక్కడే చాప చివర కూర్చుని పాఠం చెప్పినట్టు చెప్పింది. మొదట్లో చెట్లెక్కే ఆ పాతకాలపు జీవులన్నిటికీ అన్ని వేళ్ళకూ పంజాలే ఉండేవట. కొమ్మను గీరి ఎక్కడం మానేసి పట్టుకుని ఎక్కడం నేర్చుకునేకొద్దీ వేళ్ళు వెడల్పయి, పంజాలు గోళ్ళయ్యాయట. దేవాంగపిల్లి ఇంటివాళ్ళు మాత్రం ఒళ్ళు గోక్కోవడానికి కాలి రెండో వేలికి ఒకటి ఉంచుకున్నారు. ఎక్కడో సముద్రం అవతల టార్సియర్ అనేదానికి రెండేసి ఉన్నాయి. మడగాస్కర్ దీవిలో లీమర్లని ఉన్నాయి, వాటికీ ఒకటే. ఆ దీవిలో ఒకప్పుడు ఆకారంలో మనిషిని మించిన లీమర్లు ఉండేవట, మనుషులు అడుగుపెట్టిన కొన్ని వందల ఏళ్ళకే లేకుండా పోయాయి, ఎముకలే మిగిలాయి. కోతికి, కొండముచ్చుకు, మనకు ఆ పంజా ఒక్కటీ మిగల్లేదు. ఈ పెట్టె చేసిన మనిషి ఇవన్నీ పక్కపక్కన పెట్టింది ఆ ఒక్క తేడా చూపించడానికే.

అయితే ఇది మనకు అవ్వ వరస అవుతుందా అని మేరి అడిగింది.

"అవ్వ కాదమ్మా, దాయాది," అంది దేవసేన. "ఐదారు కోట్ల ఏళ్ళ కింద పాళ్ళు పంచుకుని ఏరుపడిన ఇల్లు. పాత సామాను వాళ్ళొకటి దాచుకున్నారు, మనమొకటి దాచుకున్నాము. అది లేదని మనం ఎక్కువా కాదు, ఉందని వాళ్ళు తక్కువా కాదు. నువ్వు కలిసిపోయింది అనుకున్నావే, అదే దాని ఇంటి గుర్తు."

సోమవారం సాయంత్రం వస్తానని, ఆ రెండూ వెతికి వాటి చోట్లో పెట్టమని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. ఇదంతా వింటున్న భక్తవత్సలం, ఆమె రిక్షా సందు దాటేదాకా ఆగి మేరి దగ్గరకు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, వ్యాపారస్థుడు. ఎముక పెట్టేసి పెట్టె పంపించేయమన్నాడు. ఇంతకుముందు నాలుగు కాలేజీలకు పోయిన నాలుగు దేవాంగపిల్లుల సంగతి మాత్రం ఎక్కడా ఎత్తవద్దన్నాడు. ఎత్తితే కొట్టు పేరు పోతుంది. మునియమ్మ సంగతి మేరి ఎత్తబోతే, తొమ్మిదేళ్ళనాటి బూడిద ఇప్పుడెందుకు కెలకడమని ఆపేశాడు.

"నోరు తెరిస్తే ఇంక ఆ చాప మీద కూర్చోనక్కర్లేదు మేరీ. నేను ఊరికే చెప్పే మాట కాదు ఇది," అన్నాడు.

ఆయన పోయాక మేరి డబ్బా బోర్లించింది. పై పొరలో రెండు దొరికాయి, పాతబడి పసుపెక్కినవి. అవి దేవసేన పెట్టెలోవి. అక్కడితో ఆగిపోవచ్చు. ఆమె ఆగలేదు. అడుగుదాకా ఏరితే తెల్లగా ఇంకో ఎనిమిది వచ్చాయి. నాలుగు జంతువులు, రెండేసి కాళ్ళు. నేల మీద పక్కపక్కన పేర్చి వరస చూసింది. పదీ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. పొరపాటు ఒకసారి జరుగుతుంది, రెండుసార్లు జరుగుతుంది. పదిసార్లు ఒకే పోలికతో జరగదు. ఈ లెక్క కట్టడానికి లెక్చరర్ అక్కర్లేదు, కట్టకుండా ఉండటానికే ఇన్నేళ్ళు కష్టపడింది ఆమె. అక్కడే కూర్చుని ఏడ్చింది. మునియమ్మ కోసం కొంత, తనకోసం ఎక్కువ.

ఆదివారం చర్చికి పోలేదు. పూజ మానుకోవడం మొగుడు పోయిన ఏడు తర్వాత అదే. తిరుత్తణి బస్సెక్కింది. ఇంత దగ్గర ఊరే అయినా ఎన్నడూ పని పడలేదు. బస్టాండులో దిగి కొండ మెట్లు ఎక్కడని అడిగితే, అడిగిన మనిషి ఆమె మెళ్ళో సిలువ చూసి, అయినా దారి చూపించాడు.

మెట్ల మొదట్లో కోతులు. పిట్టగోడ మీద ఒక తల్లి కోతి వేరుసెనక్కాయ వలుచుకుంటోంది. బొటనవేలితో నొక్కి, చూపుడువేలితో పొట్టు తోసి, పప్పు నోట్లో వేసుకుంటోంది. మేరి నిలబడిపోయింది. ఆ చర్మం కింద ఏ ముక్క పక్కన ఏ ముక్క జరుగుతోందో ఆమెకు కనిపిస్తోంది. ఇరవై ఏళ్ళుగా ఆ వేళ్ళను గుచ్చుతూ వచ్చింది గానీ, వాటి పని వాటిని చేసుకోనిచ్చి చూడటం అదే మొదటిసారి. కోతి ఆమె చేతిలోని సంచీ చూసి పళ్ళు చూపించింది. మేరి అవతలికి జరిగింది.

మునియమ్మ ఆమెను చూడగానే లేచి, ముక్కాలి పీట తుడిచి వేసింది. జుట్టు సగం తెల్లబడింది, ఒంటిమీద కండ లేదు. ఇసుక బాండీలో కాయలు వేగుతున్నాయి. జ్వరం పడిన ఆ కొడుకు లారీ మీద పోతున్నాడని, కూతురికి ఇద్దరు పిల్లలని, అన్నీ తనే చెప్పుకొచ్చింది. సత్రంలో వంటకు పిలిచారట. జీతం, బియ్యం, పండగకు చీర. పోలేదట. ఎందుకు పోలేదని మేరి అడిగింది.

"పెద్ద పొయ్యి కాడ నన్ను నమ్మకూడదక్కా. నాకు తెలవకుండా కన్ను మూసుకుంటాది. ఆ పొద్దు అట్లే కదా ఆయె. వందమంది తినే కాడ ఏమన్నా కలిసిపోతే?" అంది మునియమ్మ. "పిల్లలకు పాలు కూడా నా కూతురే కాస్తాది. నేనే వద్దన్నాను."

బస్సులో ఎన్నో రకాలుగా కూర్చుకున్న మాటలు మేరికి ఒక్కటీ గుర్తు రాలేదు. పని పోగొట్టాననుకుని వచ్చింది. పోగొట్టింది పని కాదని అప్పుడు తెలిసింది.

"ఆ ఎముక పిల్లిది కాదు మునియమ్మా. దేవాంగందే. ఏదీ కలవలేదు. నీ కన్ను మూసుకోలేదు. తప్పంతా నాది," అంది.

మునియమ్మ గరిటె తిప్పడం ఆపేసింది. కాయలు మాడుతున్న వాసన వచ్చినా తీయలేదు. ఒక్కటే అడిగింది, ఎప్పుడు తెలిసింది అని.

నిన్ననే అని చెప్పేయవచ్చు. అది అబద్ధం కూడా కాదు. మేరి గొంతుదాకా ఆ మాట వచ్చింది.

"తెలిసింది నిన్న. అనుమానం వచ్చి ఏడేళ్ళు దాటింది," అంది.

మునియమ్మ బాండీ దించి, మాడిన కాయలు పక్కన పోసింది. తిట్టలేదు. ఏడవలేదు. ఆ ఏడేళ్ళూ నీకు నేను సెనక్కాయలు పంపినాను అని మాత్రం అంది. తర్వాత పొయ్యి ఆర్పి, కూతురిని కేకేసి రేపు కొట్టు చూసుకోమని చెప్పింది. ఎవరెదురుగా ఆ మాట అన్నావో వాళ్ళెదురుగా ఈ మాట అనాలి, రేపు పొద్దున నేను వస్తాను అంది. భక్తవత్సలం ఏమన్నాడో మేరి చెప్పుకుంది. మునియమ్మ అంతా విని, అయినా తొమ్మిదిన్నర బస్సుకే వస్తాను అంది.

సోమవారం పదిన్నరకు మునియమ్మ వచ్చి, అదే గడప అవతల నిలబడింది. రమ్మన్నా లోపలికి రాలేదు. భక్తవత్సలం ఆమెను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. గుర్తుపట్టాక మేరి వంక చూసి తల అడ్డంగా ఊపాడు. చౌడయ్య చిత్రిక ఆపాడు.

మేరి లేచి నిలబడింది. డెబ్బై రెండులో దేవాంగపిల్లి మూటలో పిల్లి ఎముకలు కలిశాయని తను చెప్పింది తప్పని, మునియమ్మ చేతిలో ఏదీ కలవలేదని, తర్వాత వచ్చిన మూడింటికీ అదే కనిపించినా తను మార్చి కట్టేసి నోరు మూసుకుందని చెప్పింది. నాలుగు కాలేజీల పేర్లూ చెప్పి, వాళ్ళకు ఉత్తరాలు రాయించమని అడిగింది. చెబుతున్నంతసేపూ కిటికీ ఊచ పట్టుకునే ఉంది.

భక్తవత్సలం ముఖం ఎర్రబడింది. ఈ పెట్టె ముగించి పో, రేపటినుంచి రావద్దు అని చెప్పి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. పది రోజులు తిరక్కుండా ఈయనే కబురు పెడతాడని చౌడయ్య లోపల అనుకున్నాడు, ఇంత చెయ్యి ఈ జిల్లాలో ఇంకొకటి లేదు మరి. కానీ అనుకున్నవన్నీ జరుగుతాయా? మేరి మాత్రం రావద్దన్న మాట రావద్దన్నట్టే వింది. భయం వేసింది. ఆ భయం కింద, చాలా ఏళ్ళ తర్వాత, ఊపిరి నిండుగా ఆడింది.

మునియమ్మ ఇంకా గడప దగ్గరే ఉంది. అనుకున్నది అయిపోయింది కదా, వెళ్ళిపోతుందనుకుంది మేరి.

"ఆ ఎముక చూపించు," అంది మునియమ్మ.

మేరికి అర్థం కాలేదు. ఏ ఎముక అంది.

"దేనికోసం నన్ను పంపినారో అది. ఆ పొద్దు నువ్వు కొట్టు మొదలాళికి చూపించినావు. నాకెవరు చూపించినారు?"

మేరి డబ్బాలోంచి ఒకటి తీసి గడప దగ్గరకు వెళ్ళి ఆమె అరచేతిలో పెట్టింది. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోయేటట్టు ఉంది. మునియమ్మ చెయ్యి వెలుతురులోకి చాపి, కళ్ళు చికిలించి, ఇటు తిప్పీ అటు తిప్పీ చూసింది.

"ఇంతేనా?" అంది. ఇంకొంచెంసేపు చూసి, "ఇది కాలి రెండో వేలిది కదా," అంది. "మా పొదటూరుపేట చేన్లో ముళ్ళచెట్ల మీద దేవాంగాలు ఎన్ని చూసినానో. చెవి గోక్కునేది దీంతోనే. మా ఊళ్ళో చిన్నపిల్లోళ్ళకు కూడా తెలుసు అది. ఆ పొద్దు నాకు ఒక్కసారి చూపించుంటే నేనే చెప్పుందును కదక్కా."

ఆ రోజు మేరి ఆ రెండు ఎముకలు అరచేతిలో పెట్టుకుని ముందు గదికి పోతూ ఈ మనిషి పక్కనుంచే వెళ్ళింది. బానల దగ్గరి మనిషిని అడగాలని ఆమెకు తోచలేదు.

మునియమ్మ ఎముకను ఆమె చేతిలో తిరిగి పెట్టింది. అప్పుడు గడప దాటి లోపలికి వచ్చి, చాప చివర కూర్చుంది.

"పెట్టు దాని చోట్లో దాన్ని. నేను చూస్తాను," అంది.

మేరి దేవసేన పెట్టె ముందుకు లాక్కుంది. పసుపెక్కిన రెండు ఎముకలూ పక్కన పెట్టుకుని, తను అంటించిన పల్చటివి ఊడదీసింది. బంక పూసి, పట్టకారుతో ఒకదాన్ని ఎత్తింది. పట్టకారు జారి అది చాప మీద పడింది. ఆ చేతిలోంచి ఎముక జారడం అంతకుముందు ఆ కొట్టులో ఎవరూ చూడలేదు. మునియమ్మ వంగి, చాప నేతలోంచి దాన్ని గోటితో తీసి, మళ్ళీ అందించింది.